అల్లుడి ‘ఆఁ’

మా అల్లుడు మాటల్లో మహా పిసినారి. దేనికైనా ‘ఆఁ’ అంటాడు. అవుననడానికీ అదే, ఏమిటని అడగడానికీ అదే. నాకూ అమ్మాయికీ అలవాటే. డాక్టరమ్మకేం తెలుస్తుంది?

సైన్‌బోర్డు రాస్తూ నిచ్చెన మీంచి పడి వెన్నుపాముకు దెబ్బ తగిలించుకున్నాడు. పెద్దాసుపత్రిలో, దెబ్బ తగిలిన చోట మూలకణాల నుంచి పెంచిన కణాలను ఎక్కించి చూసే ప్రయోగానికి మనుషుల్ని ఎంచుతున్నారు. నడుము కింద స్పర్శ బొత్తిగా లేనివాళ్లే కావాలట. నిన్న డాక్టరమ్మ కాలికి సూది ఆనించి, "తెలుస్తోందా?" అంది. ఇతగాడు "ఆఁ" అన్నాడు. స్పర్శ ఉందని రాసి, పేరు కొట్టేశారు.

"అడిగింది వినపడక అన్నాను, అత్తయ్యా."

"వినపడకపోతే ‘ఏమన్నారు’ అనకూడదూ? నోరేమైనా అరిగిపోతుందా?"

"ఆఁ."

ఒళ్లు మండిపోయింది.

పొద్దున్నే చక్రాల కుర్చీ తోసుకుంటూ మళ్లీ వెళ్లాను. ఆసుపత్రి తలుపులు వాటంతటవే మూసుకుంటుంటే నాకు దడ. అలాంటి తలుపుల వెనక్కి వెళ్లిన మా ఆయన తిరిగి రాలేదు. అందుకే, ఆగమంటున్నా వినకుండా పరీక్ష గదిలోకి చొరబడ్డాను.

నా గోడంతా విని డాక్టరమ్మ నవ్వింది. "సరే, మళ్లీ చూద్దాం. కళ్లు మూసుకోండి. నేనేం అడగను. ‘ఉంది’, ‘లేదు’ తప్ప మూడో మాట వద్దు."

చప్పుడు చేయకుండా మోకాలి మీద గుచ్చింది. పలకలేదు. పిక్క మీద గుచ్చింది. పలకలేదు. బొటనవేలి మీద గుచ్చింది.

"లేదు" అన్నాడు.

ఆమె చెయ్యి ఆగిపోయింది. మళ్లీ పిక్క, మౌనం. మళ్లీ బొటనవేలు.

"లేదు."

"తెలియకపోతే, గుచ్చానని ఎలా తెలిసిందండీ?"

అల్లుడు కళ్లు తెరిచి నావైపు చూశాడు. "చీమ పాకినట్టుంటోంది, అత్తయ్యా. చెబితే తీసేస్తారని..."

"నా ప్రాణం తీశారు గదయ్యా! ఈ ముక్క నిన్న ఇంట్లో ఏడవచ్చుగా!"

"ప్రయోగంలోకి తీసుకోలేం" అంది డాక్టరమ్మ. "కానీ నరం పూర్తిగా చావలేదు. ఎంత కోలుకుంటుందో నేను చెప్పలేను. రేపటి నుంచి వ్యాయామాలకు తీసుకురండి."

రావడమేమో ప్రయోగంలో చోటు కోసం వచ్చాను. అది పోయింది. పోయిందని అమ్మాయికి ఏ గొంతుతో చెప్పాలో తెలియక వరండాలో కుర్చీ విసురుగా తోస్తున్నాను.

"కోపమా, అత్తయ్యా?"

"మాట్లాడకండి. ముందు ఆ కాలు సరిగ్గా పెట్టుకోండి. వేలు చక్రానికి రాసుకుంటోంది."