మంచి కంటికే గంత

ఆగస్టు పద్నాలుగు. పొద్దున్నే ఆమె రెండు బ్రెడ్డు ముక్కలు పాలలో ముంచుకుని, వంటగట్టు దగ్గర నిలబడే తిన్నది. ఆ ఇంట్లో ఆమె కూర్చుని తిన్న పూటలు తక్కువ. ఆ పూట గుర్తుండిపోవడానికి కారణం వేరు. భుజాన ఉన్న మూడు నెలల పిల్ల కిటికీ వెలుగువైపు తిరిగినప్పుడు ఎడమ కంటిపాపలో తెల్లగా ఏదో మెరిసింది. పాలచుక్క చిందిందేమోనని కొంగుతో అద్దింది. అది పోలేదు.

"పుట్టుకతోనే శుక్లం ఉంది. ఆలస్యం చేయొద్దు," అంది కళ్ల డాక్టరమ్మ. "మా వైపు ఎవరికీ లేవమ్మా ఇలాంటివి," అన్నారు అత్తగారు, ఆసుపత్రి బెంచీ మీదే. భర్త రాలేదు. "నువ్వు వెళ్తున్నావు కదా, ఇద్దరం ఎందుకు?" అన్నాడు.

ఆపరేషన్ అయ్యాక డాక్టరమ్మ ఆమెను పక్కన కూర్చోబెట్టుకుంది. ఆమె చేతిలో మంచినీళ్ల గ్లాసు పెట్టి, తాగిందాకా ఆగి, అప్పుడు చెప్పింది. "నా పని అయిపోయింది. ఇక మీ పని. ఇన్నాళ్లూ కుడికన్నే అన్నీ చూసిపెట్టింది. అది చూసిపెడుతున్నంతకాలం మెదడు ఎడమకంటిని పనిలోకి పిలవదు. అందుకే రోజూ కొంతసేపు మంచి కంటికి గంత వేయాలి. పిల్ల ఏడుస్తుంది. మీరు మాత్రం జాలిపడి తీసేయకండి. ఈ వయసు దాటిపోతే ఆ కంటికి చూపు నేర్పడం ఎవరి తరమూ కాదు."

ఆ రోజు నుంచి ఆమెకు తెల్లవారడమంటే చేతులు కడుక్కోవడమే. శుక్లం తీసిన కంటికి డాక్టరమ్మ ఇచ్చిన చేప పొలుసంత లెన్సును వేలికొసన నిలబెట్టి, గింజుకునే పిల్ల రెప్పను రెండో చేత్తో విప్పి, పాడుతూ పెట్టాలి. ఒకసారి అది జారిపోతే ఇంటిల్లిపాదీ నేలమీద పాకారు. చివరికది ఆమె మోచేతికే అంటుకుని ఉంది. లెన్సు పెట్టడం ఒక ఎత్తు, గంత వేయడం ఒక ఎత్తు. గంత పడగానే పిల్ల లోకం మసకబారేది, అది గుక్కపట్టి ఏడ్చేది. "ఉన్న ఒక్క మంచి కన్నూ మూసే తల్లిని నిన్నే చూశానే," అనేవారు అత్తగారు. బడిలో సెలవడిగితే హెడ్మాస్టరు, "మీకు పిల్ల కన్ను ఉంది టీచరమ్మా, మాకు సిలబస్ ఉంది," అని నవ్వేవాడు. ఎడమకంటికి పని చెప్పాలని ఆమె తెల్ల పళ్లెంలో ఎర్ర గుండీలు పోసేది, గోడమీద టార్చిలైటుతో వెలుగు కుందేలును పరిగెత్తించేది. నిజంగా నేను రాక్షసినేమో అనుకుంటూనే మళ్లీ మర్నాడు గంత వేసేది. ఒకనాడు గంత వేసి ఉండగానే పిల్ల వేళ్లు తడుముకోకుండా నేరుగా గుండీ మీద వాలాయి. ఆమె పరుగెత్తుకెళ్లి భర్తకు చెప్పింది. "ఊఁ, మంచిదేగా. టీ ఉందా?" అన్నాడు.

పిల్లకు రెండో ఏడు నడుస్తుండగా అతనికి పొద్దుటి షిఫ్టు పడింది. మధ్యాహ్నం గంత అతని వంతు అయింది. ఆమె బడినుంచి వచ్చేసరికి గంత తీసేసి ఉండేది, పిల్ల నవ్వుతూ ఎదురొచ్చేది. "నా దగ్గర కిక్కురుమనదు. నీకు చేతకాక ఏడిపిస్తావు," అనేవాడు. నిజమే కాబోలు, నా చేతుల్లోనే ఏదో మొరటుతనం ఉంది అనుకుంది.

తర్వాతి పరీక్షలో డాక్టరమ్మ నుదురు ముడిపడింది. "ఎడమకన్ను వెనక్కి పోతోంది. గంత వేస్తున్నారు కదూ?"

"రోజూ వేస్తున్నామండీ."

ఆ వారంలోనే బడిలో పరీక్ష ఒంటిపూటతో ముగిసింది. ఆమె మధ్యాహ్నానికే ఇంటికొచ్చి తలుపు తీసేసరికి పిల్ల బంతి వెంట కేరింతలు కొడుతోంది. గంత ఎడమకంటికి ఉంది.

"ఏమిటండీ ఇది?"

"ఏమైంది? దెబ్బతిన్న కంటికే కదా కట్టు కడతారు?"

"ఎవరు చెప్పారు మీకు?"

"ఒకరు చెప్పాలా?" అని, ఆమె మొహం చూసి అతను తగ్గాడు. ఆమె నెమ్మదిగా అంతా చెప్పింది. వింటూ వింటూ అతను పిల్లను ఒళ్లోకి లాక్కున్నాడు. "అయ్యో... నువ్వు చూసుకుంటున్నావు కదా అని, నేనెప్పుడూ పట్టించుకోలేదే."

ఆ మాట ఆమె ఎక్కడో విన్నది. గ్లాసు కడుగుతుంటే గుర్తొచ్చింది, విన్నది డాక్టరమ్మ గదిలో. అది చూసిపెడుతున్నంతకాలం మెదడు రెండోదాన్ని పనిలోకి పిలవదు. ఈ ఇంటికి మంచి కన్ను తనే. లెన్సూ, మందూ, ఆసుపత్రీ, భయమూ అన్నీ తనే చూసిపెట్టింది. తన ఓర్పును చూసి తనే మురిసిపోయింది కూడా.

డాక్టరమ్మకు ఫోన్ చేస్తే ఆవిడ ఎవరినీ తిట్టలేదు. "ఇంకా వేళ మించిపోలేదు. గంత సమయం పెంచుదాం. ఈసారి నాన్నగారిని రమ్మనండి."

సాయంత్రం లెన్సు తీసే వేళకు ఆమె డబ్బీ అతని చేతికిచ్చింది. సబ్బుతో చేతులు ఎలా కడుక్కోవాలో, రెప్ప ఎక్కడ పట్టాలో పక్కన నిలబడి చూపించింది. లెన్సు క్షేమంగా డబ్బీలోకి చేరేదాకా ఉంది. "పొద్దున షిఫ్టుకు ముందు పెట్టేదీ, మధ్యాహ్నం గంతా కూడా మీవే. ఏడిస్తే ఏడవనివ్వండి," అని తన గదిలోకి వెళ్లి, చాలాకాలానికి మంచం మీద కాళ్లు చాపుకుంది.

అవతలి గదిలో పిల్ల నిద్రకు పేచీ మొదలుపెట్టింది. అతని పాట శ్రుతి తప్పి వినిపిస్తోంది. ఆమె లేవబోయింది. గుమ్మంలో అత్తగారు నిలబడి ఉన్నారు.

"వాడికి చేతకాదే," అన్నారావిడ.

"నేర్చుకుంటారు అత్తయ్యా."

పెద్దావిడ కాసేపు ఆ ఏడుపును విన్నారు. ఈ ఇంట్లో తనూ ఎన్నేళ్లు మంచి కన్నుగా బతికిందో లెక్క చూసుకుంటున్నట్టు ఉంది ఆ మొహం.

"అయితే నువ్వు లేవకు," అని, చప్పుడు కాకుండా కోడలి గది తలుపు దగ్గరగా వేశారు.