తొమ్మిదికీ పదికీ మధ్య

కొండాపూర్‌లోని ఆ పదిహేనంతస్తుల ఐటీ భవనంలో లిఫ్టులనూ అలారాలనూ కనిపెట్టుకుని ఉండే కంట్రోల్ రూమ్‌లో మమత పని. ఆ రోజు ఉదయం పదకొండింటికి మూడో లిఫ్టు తొమ్మిదో అంతస్తుకూ పదో అంతస్తుకూ మధ్య ఆగిపోయింది. లిఫ్టు లోపలి స్పీకరు నుంచి వచ్చిన ఫోనెత్తగానే ఒకావిడ ఏడుపు వినిపించింది.

ఆవిడ పేరు నాగమణి. కడప నుంచి వచ్చి, పై అంతస్తు క్యాంటీన్‌లో వంటపనికి ఆ రోజే చేరింది. లోపల లైటు కూడా పోయిందట.

మెకానిక్ ఖాజాగూడ నుంచి రావడానికి అరగంట పడుతుందన్నాడు. సూపర్‌వైజర్ అవినాష్, ఆ సంగతి చెప్పి పెట్టేసి మిగతా ఫోన్లు చూడమన్నాడు. మమత పెట్టేయబోయింది కూడా. అంతలో ఫోనులో ఇనుము గీరుకున్న చప్పుడు.

"ఏం చేస్తున్నవక్కా?"

"తలుపు లాగుతాండా. సందు వచ్చింది. కిందికి దూకేస్తా."

లిఫ్టు కింద తొమ్మిదంతస్తుల లోతు. ఆ మాట చెబితే ఆవిడ ఇంకా బెదిరిపోతుంది. చెప్పకపోతే దూకేస్తుంది. మమత ఎదురుగా కూర్చుని మాట్లాడుతున్నట్టే అంది:

"నా పేరు మమత, అక్కా. నువ్వు బయటికొచ్చేదాక ఈ ఫోను పెట్ట. జర తలుపు ఇడిసిపెట్టి ఎనక గోడకు ఆనుకొని కూసో. ఆడ కాలు పెట్టే జాగ లేదు."

మమత రెండుసార్లు పిలిచింది. చివరికి గోడకు గాజులు తగిలిన చప్పుడైంది.

"కూచున్నా పాపా. ఫోను పెట్టేయొద్దు."

పక్క ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. మమత అటు చూడకుండా ఆవిడ ఊరడిగింది, పిల్లల గురించి అడిగింది, రాగిసంగటి ఎలా కెలుకుతారో అడిగింది. నాగమణి చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయి, ఊపిరాడడం లేదని మళ్ళీ తలుపు వైపు పాకేది. ప్రతిసారీ మమత ఆవిడను పేరు పెట్టి పిలిచి వెనక్కి రప్పించేది. విసుగ్గా నిలబడి చూస్తున్న అవినాష్ కాసేపటికి కుర్చీ లాక్కుని, మోగుతున్న ఫోన్లు తానే ఎత్తడం మొదలుపెట్టాడు.

నలభై నిమిషాలకు మెకానిక్ వచ్చి తలుపు తెరిచాడు. నాగమణి నేరుగా కంట్రోల్ రూమ్‌కే వచ్చింది. గోళ్ళు చిట్లి రక్తం వస్తోంది. మమత చేయి గట్టిగా పట్టుకుంది.

ఆవిడ వెళ్ళాక, భయపడినవాళ్ళతో ఎలా మాట్లాడాలో మధ్యాహ్నం షిఫ్టు వాళ్ళకూ నేర్పమన్నాడు అవినాష్.

"నేర్పనీకి ఏముంది సార్," అంది మమత, "పేరడిగిన, ఊరడిగిన. ఫోను పెట్టలే."