మూడో ఛాంబరు

తేజశ్రీకి ముంబైలో ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులో ఉద్యోగం వచ్చిందనగానే, పర్చూరు పక్కన వాళ్ళ ఊళ్ళో అందరూ పిల్ల కౌంటర్లో కూర్చుని నోట్లు లెక్కపెడుతుందనుకున్నారు. వాళ్ళ నాన్న బుల్లయ్య మాత్రం ఒప్పుకోలేదు. "అది డబ్బులిచ్చే బ్యాంకు కాదురా! ఏ కంపెనీ మంచిదో తేల్చే బ్యాంకు. మా అమ్మాయి ఊఁ అంటేనే జనం షేర్లు కొనేది," అని టీ బంకు దగ్గర గొంతు చించుకుని చెప్పేవాడు. అదీ పూర్తిగా నిజం కాదు. కానీ ఊళ్ళో అంతకంటే తెలిసినవాడు లేడు గనక అదే ఖాయమైపోయింది.

చదువు ముగించి చేరిన కొద్ది వారాలకే, ఎండలు మండిపోతున్న మే నెలలో, గుంటూరు పని పడింది. శీతలసిరి కోల్డ్ స్టోరేజీ అనే కంపెనీ షేర్ మార్కెట్లోకి రాబోతోంది. తీసుకొచ్చేది తేజశ్రీ బ్యాంకు. గదుల నిండా రైతుల మిర్చి ఉందని కంపెనీ చెబుతోంది, ఉందో లేదో కళ్ళారా చూసి రాయాలి. తనతో చేరినవాళ్ళంతా కంప్యూటర్ల ముందు మెడలు వాల్చుకుని ఉంటే, సీనియర్ రామకాంత్ తనను ఒక్కదాన్నే ఏరి తీసుకొచ్చాడు. ఎందుకని తేజశ్రీ అడగలేదు. మంచి మార్కులు తెచ్చుకునే పిల్లలకు అడగాల్సింది అడక్కపోవడం చిన్నప్పటి నుంచీ అలవాటే కదా.

విమానంలో రామకాంత్ ఒక్కటే చెప్పాడు. "లోపల చూసింది ఇంట్లోవాళ్ళకి కూడా చెప్పకూడదు. చెబితే ఈ ఉద్యోగమే కాదు, ఈ లైన్లో ఇంకెక్కడా దొరకదు."

దిగగానే బుల్లయ్య ఫోను. "ఏమ్మా, శీతలసిరికి వస్తున్నావంటగా! మన కాయలు అక్కడికే తోలుతున్నా. రేటొచ్చేదాకా ఉంచుదాం."

"నేనొస్తున్నట్టు మీకెవరు చెప్పారు నాన్నా?"

"ఓనరు సాంబశివరావుగారే ఫోన్ చేశారమ్మా. మీ అమ్మాయే చూసి రాస్తుందండీ అన్నారు. ఎంత మర్యాదో!"

తేజశ్రీకి ఆ మర్యాద నచ్చలేదు. ఈ ఏడు నల్లతామర పురుగు చేలను పీల్చేసింది. పోగా మిగిలిన ఆ కాసిని కాయలే ఇంటికి ఏడాదంతటికీ ఆధారం. కొంచెం ఆగి తోలండి అందామనుకుంది. రామకాంత్ పక్కనే ఉన్నాడు. తర్వాత మాట్లాడతానని పెట్టేసింది.

శీతలసిరి గేటు దగ్గర సాంబశివరావు పూలగుత్తితో ఎదురొచ్చాడు. ఆఫీసులోకి పోకుండా ముందు గేటు కిందే నిలబెట్టి ఫోటోలు తీయించాడు. "మన పర్చూరు పిల్లండీ, మన పిల్ల!" అని కూలీలకు కూడా చూపించాడు. ఫోటోలు అవగానే తేజశ్రీ పూలగుత్తిని పక్కన పెట్టి లోపలికి నడిచింది.

మొదటి ఛాంబరు తలుపు తీయగానే చలితోపాటు ఘాటు ముఖాన కొట్టింది. రామకాంత్‌కు దగ్గు తెరలు తెరలుగా వచ్చింది, కళ్ళు ఎర్రబడ్డాయి. టిక్కీలనే మిర్చి బస్తాలు మోసే ముఠా కూలీలు ముక్కులకు తువ్వాళ్ళు బిగించుకుని తుమ్ముతూనే పని చేస్తున్నారు. రెండో దాంట్లోనూ అంతే. ఆ దగ్గులు వింటుంటే తేజశ్రీకి కాస్త ధైర్యం వచ్చింది. కల్లంలో ఆరబోసిన కాయల మధ్య పెరిగిన పిల్లకు తెలుసు, దగ్గొస్తే సరుకున్నట్టే.

మూడో ఛాంబరు అన్నిటికంటే పెద్దది. కప్పు దాకా టిక్కీలు పేర్చి ఉన్నాయి, చూడ్డానికి ముచ్చటగా. రామకాంత్ తీరిగ్గా ఫోటోలు తీసుకుంటున్నాడు. ఎవరూ దగ్గలేదు. తేజశ్రీ గుండెల నిండా గాలి పీల్చింది. తడి గోనె వాసన తప్ప ఏమీ లేదు. వెనక్కి తగ్గి ఒక టిక్కీ కుట్ల మధ్య వేలు దూర్చింది. వరి ఊక వచ్చింది. పక్క దాంట్లోనూ ఊకే. వీటిలో ఉండాల్సిన కాయలు ఏ రైతుకూ తెలియకుండా ఎప్పుడో అమ్ముడుపోయాయన్నమాట. 

బయటికి రాగానే రామకాంత్‌ను పక్కకు పిలిచింది. "సార్, మూడో దాంట్లో మిర్చి లేదు. ఊక."

ఆయన ఉలిక్కిపడలేదు. "తెలుసు."

"మరి రిపోర్టు?"

"రిపోర్టు నేను రాస్తాను. రాయడం కోసం నిన్ను తీసుకురాలేదు తేజా." గేటు వైపు చూపించాడు. రోడ్డు మీద ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. ఆమె వస్తోందని సాంబశివరావు పొద్దున్నే ఊళ్ళకు కబురు పంపాడు, ఇందాకటి ఫోటో కూడా అప్పుడే వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగేసింది. "నిన్ను చూసే వీళ్ళంతా వచ్చారు. కంపెనీ షేర్ మార్కెట్లోకి వచ్చేలోపు ఆ గది నిండాలి. పాత రైతులు అడిగితే కొత్తవాళ్ళ సరుకిస్తారు. కొత్తవాళ్ళు అడిగేనాటికి షేర్లు అమ్మేసి మనం బయటపడి ఉంటాం. ఈ పని ఇలాగే నేర్చుకుంటారు, అందరూ."

మొదటి ట్రాక్టరు మీద, టిక్కీల పైన బుల్లయ్య కూర్చుని ఉన్నాడు. కూతురిని చూసి చెయ్యి ఊపాడు.

తేజశ్రీ పరుగెత్తింది. రామకాంత్ వెనక నుంచి పేరు పెట్టి పిలిచాడు, ఆగలేదు. పోతే పోయింది ఉద్యోగం. ట్రాక్టరు పట్టుకుని, "నాన్నా, లోపలికి తేవద్దు! టిక్కీల్లో ఊక ఉంది, నేను చూశాను. వెనక్కి తిప్పండి!" అని అందరికీ వినబడేలా అరిచింది.

బుల్లయ్య ముఖంలో నవ్వు ఆగింది. చుట్టూ చూసి, కిందికి వంగి గొంతు తగ్గించాడు. "గట్టిగా అనకమ్మా, పెద్దాళ్ళు వింటే నీ ఉద్యోగానికి మాటొస్తుంది. ఎక్కడో ఒకటి రెండు తేడా టిక్కీలు ఉంటాయి."

"గదంతా అంతే నాన్నా!"

"నిన్నగాక మొన్న చేరావు, నీకేం తెలుసు తల్లీ? ఏమీ లేకుండానే అంత పెద్ద బ్యాంకు ఇంత దూరం వస్తుందా?" అని ఆమె చేతిని మెల్లగా విడిపించి, డ్రైవరు జోసఫ్ భుజం తట్టాడు. "పోనీరా."

ట్రాక్టరు గేటు దాటింది. వెనక ట్రాక్టరు మీద, వాళ్ళ ఊళ్ళోనే కౌలుకు మిరప వేసిన రెబ్కా ఉంది. తేజశ్రీ రెండు చేతులూ అడ్డం పెట్టి మళ్ళీ అదే చెప్పింది, ఏడుస్తూ. రెబ్కా బుల్లయ్య వెళ్ళిన వైపు చూసింది, తర్వాత ఈమెను చూసి జాలిగా నవ్వింది.

"మీ నాన్న కాయలు లోపలికి పోనిచ్చి, మావి వద్దంటావేంటమ్మా?" అంది.