హిందూపురియా ఈరక్కె

సముద్రం పేరెత్తితే కుళాయి వైపు చూసే ఊరు హిందూపురం. అలాంటి ఊళ్ళో ఒక డిగ్రీ కాలేజీ ప్రిన్సిపాల్ సముద్రంలోని స్పాంజీల్లో కొత్త జాతిని కనిపెట్టేశాడంటే గ్రేస్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కనిపెట్టిన మహానుభావుడు డాక్టర్ వెంకటేశులు. ఆయన డాక్టరేటు పట్టుపురుగుల మీద. పట్టుపురుగును చూపించినా ఇదేం పురుగని అటెండర్ని అడుగుతాడని స్టాఫ్‌రూమ్‌లో చెప్పుకునేవారు.

స్పాంజీల మీద నిజంగా పరిశోధన చేసింది గ్రేస్. జాలర్లు వలల్లోంచి దులిపి పారేసే చెత్తలో నాలుగేళ్ళు మోకాళ్ళ మీద కూర్చుని వెతికిన మనిషి. ఇప్పుడు రోజూ పెనుకొండ నుంచి రైలెక్కి వచ్చి ఈ కాలేజీలో జువాలజీ చెబుతోంది. ఏడాదికోసారి రెన్యువల్ చేస్తేనే నిలిచే ఉద్యోగం. తల్లి రూతమ్మ మోకాళ్ళు అరిగి కూలికి పోవడం మానేశాక ఇంట్లో పొయ్యి వెలిగేది ఈ జీతంతోనే. అందుకే ఆరేళ్ళుగా జూన్ వచ్చిందంటే ఆమె ప్రిన్సిపాల్ గది చుట్టూ తిరుగుతుంది.

ఈసారి జూన్‌తో పాటు ప్రిన్సిపాల్ గారి కనిపెట్టుడు కూడా వచ్చింది. ఆయన ఇంటిల్లిపాదితో రామేశ్వరం పోయి, స్నానాలయ్యాక ఒడ్డున తెల్లగా వేలెడంత జాడీల్లాంటివి గుత్తిగా దొరికితే స్పిరిట్ పోసి నీళ్ళ సీసాలో పెట్టుకొచ్చాడు. ఎల్లుండి కాలేజీకి గ్రేడ్ ఇచ్చే టీమ్ వస్తోంది. వాళ్ళ ముందు పెట్టడానికి పేపర్ కూడా టైపు చేయించేశాడు. కొత్త జాతి పేరు హిందూపురియా ఈరక్కె. ఈరక్క అంటే కాలేజీ ఓనరు సుబ్బన్నను కన్నతల్లి. పోయి మూడేళ్ళయింది. ఓనరు తల్లి పేరును సముద్రంలో కూడా నిలబెట్టాలన్న భక్తి చూసి గ్రేస్ ముక్కున వేలేసుకుంది.

"రెండో పేరు నీదేనమ్మా. స్పాంజీల మీద డాక్టరేటు ఉన్నోళ్ళ సంతకం లేకపోతే పత్రికవాళ్ళు తీసుకోరంట. నువ్వు సంతకం చెయ్యి, నేను నీ రెన్యువల్ మీద సంతకం చేస్తా," అన్నాడు వెంకటేశులు.

"ఒకసారి చూసి చేస్తా సార్," అంది గ్రేస్.

స్పాంజీకి రంగు చూసో, ఆకారం చూసో పేరు పెట్టేస్తే కుదరదు. ఒకే జాతి ఒకచోట ఎర్రగా ఉంటుంది, ఇంకోచోట పచ్చగా ఉంటుంది. దాని ఒంట్లో కంటికి ఆనని సన్నని ముళ్ళుంటాయి. ఒళ్ళు కరిగించి, ఆ ముళ్ళను మైక్రోస్కోపు కింద పెట్టి చూస్తేనే అది ఏదో తెలుస్తుంది. పుస్తకాల్లో ఆసిడ్‌లో ఉడికించమని ఉంటుంది, నిజమే. గాజుముళ్ళయితే ఆసిడ్‌కు తట్టుకుంటాయి. సున్నపు ముళ్ళున్న స్పాంజీలు వేరే ఉన్నాయి, వాటిని ఆసిడ్‌లో వేస్తే ముళ్ళు కూడా కరిగిపోతాయి. వాటికి బట్టలుతికే బ్లీచ్ వాడాలని ఆ పక్క పేజీలోనే ఉంటుంది. ఆ పక్క పేజీ తిప్పే ఓపిక వెంకటేశులుకు ఎక్కడిది? ఆసిడ్‌లో ఉడికించాడు, చూశాడు, ఏమీ కనపడలేదు. ముళ్ళే లేని జాతి, ప్రపంచంలో ఇదే మొదటిదని రాసేశాడు.

గ్రేస్ సీసాలో మిగిలిన ముక్కను గోరంత తీసుకుని, కిరాణా కొట్లో తెప్పించిన బ్లీచ్‌లో వేసింది. అరగంటకు స్లైడు నిండా మూడు కొమ్మల ముళ్ళు. అది సైకాన్. డిగ్రీ మొదటి ఏడాది పిల్లలు రికార్డు పుస్తకంలో రంగు పెన్సిళ్ళతో గీసుకొచ్చే బొమ్మ. జాతి కూడా వందేళ్ళ కిందటే ఎవరో రాసిపెట్టిందే. ఆమెకు ఒళ్ళు మండింది. నాలుగేళ్ళు ఉప్పునీళ్ళలో నాని తను ఒక్క కొత్త జాతిని కూడా ప్రకటించలేదు, తెలియనిదాన్ని తెలియదనే రాసింది. ఈయన స్నానానికి పోయి ఏకంగా కొత్త జాతినే తెచ్చాడు.

"సార్, ముళ్ళు ఉండాయి. ఆసిడ్‌లో కరిగిపోయినాయి, అంతే. ఇది సైకాన్," అని ప్రిన్సిపాల్ గదిలో బల్ల మీద స్లైడు పెట్టింది.

వెంకటేశులు స్లైడు వైపు చూడనైనా చూడలేదు. "ఎవురమ్మా ఈడ చూడొచ్చేది? టీమ్‌లో ఒకాయన కామర్సు, ఇంకొకాయన ఇంగ్లీషు. నువ్వు నోరు మెదపకుంటే సాలు."

అప్పుడే సుబ్బన్న లోపలికొచ్చాడు. చింతపండు మండీతో మొదలుపెట్టి కాలేజీ దాకా వచ్చిన మనిషి. టీమ్ కోసం అచ్చేయించిన, తల్లి పేరున్న బ్యానర్ చూసిపోదామని వచ్చాడు. వెంకటేశులు లేచి నిలబడి కుర్చీ తుడిచాడు.

"ఏమప్పా, ఏందో కరిగిపోయిందంటాండారు?"

ప్రిన్సిపాల్ కుర్చీనే ఇంకోసారి తుడిచాడు. గ్రేసే చెప్పింది. "దాని ముళ్ళు సున్నపువి సార్. ఆసిడ్ పోస్తే మిగల్లేదు. ఈయన ముళ్ళు లేవని రాసినారు."

ఇంత పెద్ద శాస్త్రం ఈయనకేం అర్థమవుతుందిలే అన్నట్టు వెంకటేశులు నవ్వబోయాడు. సుబ్బన్న నవ్వలేదు. "మా మండీలో ముందు కడప బండలు పరిపించినా, అదీ సున్నపురాయే. చింతపండు పెట్టిన తావంతా ఏడాది తిరక్కుండానే గరుకెక్కె. పులుపు సున్నాన్ని తింటాదని మా హమాలీలకి కూడా తెలుసు కదప్పా. నీకు తెలీకపాయెనా?"

గ్రేస్‌కు లోపల హాయిగా అనిపించింది. ఆ హాయి ఎంతోసేపు లేదు.

"సర్లే, తెలీక చేసినాడు. టీమ్ పొయ్యేదాకా ఉండనీ. మాయమ్మ పేరు కదా, ఎవురికి నష్టం?" అన్నాడు సుబ్బన్న.

గ్రేస్‌కు ఊరుకోవడమే మంచిదని తెలుసు. ఊరుకోలేకపోయింది. "టీమ్ పోయినా పేరు పోదు సార్. మా శాస్త్రంలో తప్పుగా పెట్టిన పేరును తుడిచెయ్యరు. అసలు పేరు కింద వరసగా రాసి పెడతారు, ఫలానా ఆయన పొరపాటున ఈ పేరు పెట్టినాడని. రెండు వందల ఏండ్ల కిందటి పొరపాట్లు కూడా అట్లే ఉండాయి. మీయమ్మ ఎవురో, ఎట్ల బతికిందో ఆడ రాయరు. ఒక తప్పుకు ఈరక్క అని పేరు, అంతే చదువుకుంటారు."

సుబ్బన్న గోడకు ఆనించిన బ్యానర్ మీద తల్లి పేరును వేలితో తాకాడు. "మాయమ్మ ఇరవై ఏండ్లు చింతపండు కొట్టి గింజలు తీసే కూలి చేసింది. ఆమె కొట్టిన పండులో గింజ దొరికిందని ఒక్క సావుకారీ అనలేదు. ఆ పేరు తీసెయ్యప్పా."

"సార్, బ్యానర్ వచ్చేసె. ఎల్లుండే టీమ్…"

"అయితే నీ పేరు పెట్టుకోపో," అన్నాడు సుబ్బన్న విసుగ్గా.

తిట్టాడని ఎవరైనా అనుకుంటారు. వెంకటేశులు మొహం వెలిగిపోయింది. కనిపెట్టినవాడు తన పేరు తానే పెట్టుకోకూడదన్న నియమం ఎక్కడా లేదు, సిగ్గు అడ్డొచ్చి ఎవరూ పెట్టుకోరు. ఆయనకు అడ్డు రాలేదు. పెన్ను తీసి అప్పటికప్పుడే ఈరక్కను కొట్టేసి, హిందూపురియా వెంకటేశులి అని రాసుకుని, దూరంగా పట్టుకుని చదువుకున్నాడు.

సుబ్బన్న లేచాడు. గ్రేస్ గుమ్మం దాకా వెంట వెళ్ళింది. "సార్, నా రెన్యువల్ ఈ నెలాఖరుకు…"

"కాలేజీ ఇసయాలన్నీ ప్రిన్సిపాలే సూసుకుంటాడమ్మా. నేను తలదూర్చను," అని ఆయన కారెక్కాడు.

గ్రేస్ అక్కడే నిలబడిపోయింది. ఆయన తల్లి పరువు కాపాడింది తను. పోయే ముందు ఆ మాట అనకపోయినా ఫరవాలేదు, ఒక్కసారి తలైనా ఊపలేదు. ప్రిన్సిపాల్ మీద కంటే ఆయన మీదే ఎక్కువ అసహ్యం వేసింది.

లోపలికొచ్చేసరికి బల్ల మీద పేపర్ నాలుగు కాపీలు, పక్కనే రెన్యువల్ కాగితం సిద్ధంగా ఉన్నాయి. "ఇప్పుడు ఓనరు గొడవ కూడా లేదు. ఇంగ సంతకం చెయ్యమ్మా," అన్నాడు వెంకటేశులు ఉత్సాహంగా.

గ్రేస్ పెన్ను తీసుకుంది. ఇంట్లో రూతమ్మ గుర్తొచ్చి రెన్యువల్ కాగితం ఇంకోసారి చదివింది. తర్వాత మొదటి కాపీలో తన పేరు మీద అడ్డంగా గీత గీసింది. రెండోదాంట్లో, మూడోదాంట్లో, నాలుగోదాంట్లో కూడా గీసింది. రికార్డులో కొట్టివేత ఉంటే పక్కన సంతకం, తేదీ ఉండాలని ఆరేళ్ళుగా పిల్లలకు చెబుతోంది. నాలుగు గీతల పక్కనా పొందిగ్గా సంతకం చేసి, తేదీ వేసి, పెన్ను మూత పెట్టి ఆయనకిచ్చింది. ఆ కాలేజీలో ఆమె పెట్టిన చివరి సంతకాలు అవే.