పాపక్క కలిపిన మన్ను

నానిన కొబ్బరిపొట్టును పిడికిట పట్టి పిండి, వేళ్ల సందుల్లోంచి కారిన గోధుమరంగు చుక్కను పాపక్క నాలుక కొసన వేసుకుంది. ఒక క్షణం కళ్లు మూసుకుంది. తర్వాత పక్కకు ఉమ్మి, పొట్టును తొట్టిలోకి విసిరేసింది.

మడివాళ మార్కెట్టు వెనక సందులో ఉన్న ఆ నర్సరీలో ఇరవై ఎనిమిదేళ్లుగా కుండీలకు మన్ను కలిపేది ఆమే. పొట్టి మనిషి. కాస్త కుడివైపుకు ఒరిగి నడుస్తుంది. అరచేతుల గీతల్లో ఎర్రమన్ను ఇంకిపోయింది, ఎంత సబ్బు రుద్దినా పోదు. పండగకు గోరింటాకు ఖర్చు లేదని తనే నవ్వుతుంది.

టెంపో నడిపే మహేశ్ గేటుకు ఆనుకుని చూస్తున్నాడు.

"ఏమక్కా, సాంబారులో ఉప్పు చూస్తావుండావా?"

"ఉప్పే అప్పా. సముద్రమంతా దీంట్లోనే ఉండాది."

ఆ మాట విని నళిని గబగబా బయటికొచ్చింది. మామగారు పోయాక ఏడాదిగా నర్సరీ చూసుకుంటున్నది ఆమే. ఆ పొట్టు ఇటుకలను కొత్త వ్యాపారి దగ్గర తెప్పించిందీ ఆమే. నిన్న సాయంత్రమే నానబెట్టారు.

"కడిగిందే అని చెప్పినాడు కదా పాపక్కా, వాడు?"

"వాడు నోటితో చెప్పినాడు. నేను నాలికతో చూసినా."

సర్జాపుర రోడ్డులోని ఒక అపార్ట్‌మెంటుకు నూటఇరవై కుండీలు, మొక్కలు నాటి, సాయంత్రం నాలుగుకల్లా కదలాలి. నళిని సొంతంగా తెచ్చుకున్న మొదటి పెద్ద ఆర్డరు అది. ఆలస్యమైతే వాళ్లు వేరే నర్సరీకి ఫోన్ చేస్తారు. ఉప్పు పొట్టుతోనే పంపితే పది రోజుల్లో ఆకుల కొసలు మాడతాయి, ఆ తర్వాత వేళ్లు.

"మూడు నీళ్లు కడగల్లమ్మా. నీళ్లు ఓడేసరికి రేపవుతాది."

"రేపా? అయ్యో పాపక్కా... ఈ ఒక్కసారికి అట్లే వేసేద్దామా? వాళ్లకేం తెలుస్తాది?"

పాపక్క ఆమె ముఖంలోకి చూసింది. కోపం రాలేదు. ఆ అమ్మాయి ఖాళీ కుండీల వరసనే మళ్లీ మళ్లీ చూస్తోంది.

"వాళ్లకు తెలియదులేమ్మా. చెట్టుకు తెలుస్తాది."

అని, పార భుజాన వేసుకుని వెనక్కి నడిచింది. ప్రహరీ వారగా టార్పాలిన్ కప్పిన ఒక గుట్ట ఉంది. వీధి ఊడ్చే చిక్కమునియప్ప కానుగాకులు పోగేసి అగ్గి పెట్టబోతుంటే, పాపక్క ఆపి, మూటలు కట్టించి తెచ్చుకున్న ఆకు అది. మూడేళ్లు పేడనీళ్లు చల్లి, నెలకోసారి తిరగేసి మగ్గించిన ఆకు ఎరువు. ఎందుకు దాచిపెట్టావని ఎవరైనా అడిగితే "ఉండనీ" అనేది, అంతే. ఈ రోజు టార్పాలిన్ లాగేసింది. నల్లగా, పొడిపొడిగా, వాన పడ్డ తోట వాసనతో బయటపడిందది.

"పొట్టుకు బదులు ఇది వేస్తాము. రా."

ఎర్రమన్ను రెండు తట్టలు, ఆకు ఎరువు ఒకటి, మాగిన పశువుల ఎరువు అర, కాల్చిన ఊక అర. పైన గుప్పెడు వేపపిండి. నళిని ఫోన్‌లో రాసుకోబోయింది.

"రాసుకుంటే సరిపోదమ్మా. పోయిన లోడు మన్ను ఇసక మాదిరి ఉండె. ఇది జిగురు. ఇంకో తట్ట ఊక తాగుతాది. గాజులు తీసి చెయ్యి పెట్టు."

నళిని గాజులు తీసింది. పిడికిట పట్టింది. ముద్ద నిలిచింది. బొటనవేలితో తాకితే విరగలేదు.

"ఊక," అంది నళిని, మెల్లగా.

"అదీ!" అంది పాపక్క. ఆమె ముఖం వెలిగింది.

పార లేస్తూ పడుతూ ఉంది. ముళబాగిలు పక్క పల్లె నుంచి పెనిమిటి వెంట వచ్చినప్పుడు ఆమె మోసింది ఇళ్ల గోడలు కట్టే మన్ను. దిమ్మిసతో కొట్టి గట్టిపరిచేవాళ్లు దాన్ని. అతను ఒక సోమవారం హొసూరు బస్సెక్కి మళ్లీ రాలేదు. కూతురు చైత్ర పెళ్లై తుమకూరు పోయింది. మన్నును గట్టిపడనీయకుండా చూడమని ఆమెకు మొదట చెప్పింది ఈ నర్సరీలోనే. ఊపిరి ఆడే మన్ను చేయడం ఆమె ఇక్కడే, తన చేతులనే అడిగి నేర్చుకుంది. తను ఎన్నడూ అడుగు పెట్టని ఇళ్ల బాల్కనీల్లో, మేడల మీద, ఆ మన్ను ఉంది. వెళ్లిన మొక్క ఏదీ తిరిగి రాదు కాబట్టి టెంపో కదిలే వేళకు ఆమె ఎప్పుడూ వీపు తిప్పి పార కడుక్కుంటుంది.

మధ్యాహ్నం రెండుసార్లు పార మీద వాలి నిలబడింది. ఎడమ చెయ్యి బరువెక్కింది. తట్టల బరువే అనుకుని చెయ్యి మార్చుకుంది.

నాలుగుకు ఇంకా పది నిమిషాలుండగా ఆఖరి కుండీ టెంపో ఎక్కింది. నళిని ఫోన్‌లో అపార్ట్‌మెంటు వాళ్లకు చెబుతోంది: "లేదు సార్, బ్యాగుల్లో వచ్చే రెడీమిక్స్ కాదు. మా పాపక్క కలిపిన మన్ను."

పాపక్క విననట్టే చీర కొంగు దులుపుకుంది. కానీ ఈసారి వీపు తిప్పలేదు. గేటు దాకా నడిచింది.

"ఏమక్కా, కూతుర్ని అత్తగారింటికి పంపే మాదిరి నిలబడినావు!" అన్నాడు మహేశ్.

"గుంతల్లో మెల్లగా పో అప్పా. మొక్కలు అదిరితే నీ పని ఉండాది!"

టెంపో మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

"ఇంక ఇంటికి పో పాపక్కా. పొట్టు సంగతి రేపు చూద్దాం," అంది నళిని.

"నువ్వు పో అమ్మా. బిడ్డ బడి నుంచి వచ్చుంటాది. నువ్వు కొన్నదాన్ని పారేస్తామా?"

ఏడు దాటాక ఆమె జిగణి బస్సు ఎక్కింది. కిటికీ పక్కన సీటు దొరికింది. చివరి స్టాపులో అందరూ దిగిపోయారు. కండక్టరు "అజ్జీ, ఓ అవ్వా" అని పిలిచాడు. నిద్రపోయిందనుకుని మళ్లీ పిలిచాడు. మూడోసారి భుజం తట్టాడు.

పొద్దున చైత్ర ఫోన్ చేసి చెప్పింది. నళిని గేటు తాళం తీసి, వెనక షెడ్డు వైపు నడిచింది. షెడ్డు దూలానికి పొట్టు మూట వేలాడుతోంది. నీళ్లు ఓడడం ఎప్పుడో ఆగిపోయింది. దాని కింద పెట్టిన ప్లాస్టిక్ బకెట్టులో మూడో కడుగు నీళ్లు, అడుగు కనిపించేంత తేటగా, కదలకుండా ఉన్నాయి.