బెల్లం కోసం చేసిన సమ్మె

కొత్తగూడ చౌరస్తా అవతల ముప్పై రెండంతస్తుల అద్దాల భవనం ఒకటి లేచింది. ముందు గోడ నిండా మొక్కలే. సన్నని గొట్టాల్లోంచి ఆ మొక్కలకు నీళ్లు చుక్కలు చుక్కలుగా పడుతూనే ఉంటాయి. అదే భవనం కింద, రెండో సెల్లారులో, రాళ్లు కోసే మిషన్ మీద ఒక్క చుక్క కూడా పడని ఎండుకోత కోస్తూ ఐలయ్య కుప్పకూలాడు.

ఈరమ్మ చేతిలో చీపురు పారేసి ఉరికింది. మొగుడి మీసాలు, కనురెప్పలు పిండి చల్లినట్టు తెల్లగా ఉన్నాయి. నోరు తెరుస్తున్నాడు గానీ గాలి లోపలికి పోవడం లేదు. పన్నెండుమంది కోతగాళ్లు మిషన్లు ఆపి చుట్టూ నిలబడ్డారు. మేస్త్రి ఓబులేసు జేబులోంచి బెల్లంగడ్డ తీసి ఐలయ్య నోటికందించాడు.

"తినప్పా, తిను. దుమ్మంతా దిగిపోతాది."

ఈ బెల్లం సంగతి చెప్పుకోవాలి. సాయంత్రం బెల్లం తింటే పొద్దంతా పీల్చిన దుమ్ము కడుక్కుపోతుందని రాతి గనుల ఊరు బేతంచెర్లలో ఓబులేసుకు వాళ్ల నాయన చెప్పాడు. సెల్లారులో అందరూ నమ్మారు. ఎంతగా నమ్మారంటే, పోయినేడు కంపెనీ రోజూ ఇచ్చే బెల్లం మానేస్తే రెండు రోజులు పని బంద్ పెట్టారు. కంపెనీ దిగొచ్చి చిన్న గడ్డకు బదులు పెద్ద గడ్డ ఇచ్చింది. ఆ రోజు సమ్మె నడిపిన ఐలయ్యను భుజాల మీద ఎత్తుకుని తిప్పారు. పుట్టి బుద్ధెరిగాక గెలిచింది ఒకే ఒక్క సమ్మె, అదీ బెల్లం కోసం! ఆ నెలలోనే మేనేజరు రామ్మోహనరావు మిషన్లకున్న నీళ్ల పైపులు పీకించాడు. ఒక్కరూ కిక్కురుమనలేదు.

పైపులెందుకు పీకించాడంటే, భవనానికి హరిత భవనమని సర్టిఫికెట్ కావాలి. నీళ్లు తక్కువ వాడి కడితే మార్కులు వేస్తారట. రాతిపొడిని జిగురుతో అతికించి చేసిన పలకలు వాడితే ఇంకొన్ని మార్కులు, కొండల్ని తవ్వే పని తప్పుతుందని. కొండకు మేలే, ఎవరు కాదన్నారు? ఆ పలకను నీళ్లు లేకుండా కోసినప్పుడు లేచే పొడి కొండ మీద పడదు కదా. ఐలయ్య ఊపిరితిత్తుల్లో పడుతుంది. దానికి మార్కులు తగ్గించేవాడు లేడు.

దవాఖానలో డాక్టరమ్మ ఎక్స్‌రే వెలుతురుకు పట్టి చాలాసేపు చూసింది.

"రాతిపొడి ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందమ్మా. మాన్పే మందు లేదు."

"బెల్లం తింటె పోదా అమ్మా?" అని అడిగింది ఈరమ్మ.

"బెల్లం కడుపులోకి పోతుంది. దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రెండు దారులూ వేరు. కోసేటప్పుడు బ్లేడు మీద నీళ్లు పడుతుంటే ఈ పొడి ఇంతగా లేవదు. మూతికి మంచి మాస్కు కూడా ఉండాలి. మీకివేమీ ఇవ్వలేదా?"

ఈరమ్మకు ఒళ్లు మండింది. మొగుడి మీద, తన మీద, ఆ బెల్లం మీద. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుందో లేదో, అదే సెల్లారులో పలకలు మోసే తమ్ముడు మధు ఫోను చేశాడు.

"అక్కా, బావ మిషన్ నాకిచ్చిన్రు. సోమారం సంది నేనే కోయాలె."

ఆదివారం పొద్దున ఈరమ్మ మియాపూర్ డిపో వెనక తాముండే రేకుల షెడ్ల దగ్గర అందరినీ పోగేసింది. డాక్టరమ్మ మాట పొల్లుపోకుండా చెప్పింది. ఒక్కసారిగా గోల లేచింది.

"నీళ్లు పోస్తే పలక మీద గీసిన గీత కనపడదు. ఎండుకోత కోసేటోడే అసలైన పనోడు," అన్నాడొక కోతగాడు.

"నీ పనితనం కాటికి పోయినంక ఎవలు జూస్తరు?" అంది ఈరమ్మ.

"నీళ్లడిగితే గేటు బైటికి పొమ్మంటరు. ఒడిశా సంది ఇంకో బ్యాచి దిగుతది," అన్నాడు ఇంకొకడు.

"వాళ్లకు మాత్రం ఊపిరితిత్తులు లెవ్వా? వాళ్లొస్తే వాళ్లకు గూడ గిదే చెప్దాం."

మధు తల దించుకున్నాడు. "లొల్లి పెట్టకక్కా. నాకు ఇద్దరు పిల్లలు. జర నడవనియ్యి."

"పిల్లలున్నరనే చెప్తున్నరా! మిషన్ బంద్ జేసి కూసో. నీళ్లిచ్చిందాంక లేవకు."

మధు లేచి షెడ్డులోకి పోయాడు. గోడకానుకుని నిలబడ్డ ఓబులేసు ముందుకొచ్చాడు.

"మా నాయన గూడా ఇట్లే దగ్గి దగ్గి సచ్చిపోయినాడు. ఆఖరి దినం గూడా నేనే బెల్లం పెట్టినా. నా చేత్తోనే." మొహం తుడుచుకున్నాడు. "మనకు కావాల్సింది నీళ్లు. అడగాల్సిందీ నీళ్లే. పదమ్మే, నేనుండా నీ ఎనక."

సోమవారం మధు బావ మిషన్ మీద ఎండుకోత మొదలుపెట్టాడు. హరిత సర్టిఫికెట్ తనిఖీ బుధవారం. కోతగాళ్లకు ఆ రోజు సెలవన్నాడు రామ్మోహనరావు. అంతకుముందు రోజు రెండు ట్యాంకర్లు తెప్పించి సెల్లారంతా కడిగించాడు. మనిషి ఊపిరికి దొరకని నీళ్లు నేల మెరవడానికి దొరికాయి! సెలవన్నా, మేస్త్రి మాట మీద అందరూ వచ్చారు. ఊడ్చే పనికొచ్చే ఆడవాళ్లు మొక్కల గోడకు నీళ్లిచ్చే పైపు ఊడదీసి, ర్యాంపు వెంట సెల్లారు దాకా ఈడ్చుకొచ్చారు. ఓబులేసు దాన్ని బ్లేడుకు కట్టి పలక కోశాడు. దుమ్ము లేవలేదు. బూడిదరంగు బురద కారి నేల మీద మడుగు కట్టింది.

తనిఖీకి వచ్చిన నీహారిక ఆ బురదను చూసి ఆగింది. ఈరమ్మ ఎదురెళ్లి మొగుడి ఎక్స్‌రే ఆమె చేతిలో పెట్టింది.

"దీనికెన్ని మార్కులేస్తవో ఎయ్యమ్మా."

నీహారిక కళ్లు దించుకుంది. "నాకూ బాధగానే ఉందండీ. కానీ నేను చూడాల్సినవాటిలో ఇది లేదు. నీళ్లు, కరెంటు, వాడిన సామాను... అంతవరకేనండీ నా పని."

"మేము సామాను గూడ కాకపోతిమి," అంది ఈరమ్మ.

"ఏంటిది మేడమ్ ముందు! కంపెనీ ఆస్తి ధ్వంసం చేస్తారా?" రామ్మోహనరావు అప్పటికే పోలీసులకు ఫోను చేశాడు. నీహారిక ఎక్స్‌రే తిరిగిచ్చేసి మిగతా అంతస్తులు చూడటానికి లిఫ్టెక్కింది. సర్టిఫికెట్ రాకుండా ఆగలేదు, వచ్చింది. ఇప్పటికీ ఆ భవనం గుమ్మంలో అద్దం బిగించి వేలాడుతోంది.

పోలీసులు ఈరమ్మనూ ఓబులేసునూ వ్యాను ఎక్కించారు. రామ్మోహనరావు మధు భుజం మీద చెయ్యి వేశాడు.

"నువ్వు బుద్ధిమంతుడివయ్యా. నువ్వెళ్లి మిషన్ ఆన్ చెయ్యి. రిసెప్షన్ పలక ఇవాళే అయిపోవాలి. పైపు తీసెయ్."

వ్యాను జాలీలోంచి ఈరమ్మ చూస్తోంది. మధు ర్యాంపు దిగిపోయాడు. కడుపున పుట్టకపోయినా ఎత్తుకుని పెంచిన తమ్ముడు, కళ్లముందే ఆ గుంటలోకి దిగిపోతుంటే ఏ అక్క ఓర్చుకుంటుంది? వ్యాను కదిలింది. గేటు దాటబోతుంటే సడన్ బ్రేకు పడింది.

రోడ్డు మీద, బంపరుకు జానెడు దూరంలో, సెల్లారు అవతలి ర్యాంపు ఎక్కి బయటికొచ్చిన మధు మఠం వేసుకుని కూర్చున్నాడు. సెల్లారులోంచి మిషన్ చప్పుడు వినిపించడం లేదు. అతని వెనక పన్నెండుమంది కోతగాళ్లు, వాళ్ల వెనక ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి కూర్చున్నారు. పక్క భవనంలో రాళ్లు కోసేవాళ్లు తల నుంచి కాలి దాకా దుమ్ముతో తెల్లబడి గేటు బయటికొచ్చారు.

"ఏంది లొల్లి?" అనడిగారు.

"నీళ్లియ్యకుంటె కోత లేదు," అన్నాడు మధు.

వాళ్లలో ముందొకడు కూర్చున్నాడు. తర్వాత అందరూ కూర్చున్నారు. కొండాపూర్ వైపు కార్లన్నీ నిలిచిపోయి హారన్లు మోగుతున్నాయి.

ఎస్సై దిగి కేకలేశాడు, లాఠీ ఊపాడు, విసిగిపోయి జాలీ దగ్గరికొచ్చాడు.

"చెప్పమ్మా నీ తమ్మునికి, లేచి తొవ్వ ఇడువుమని."

"నేనెందుకు చెప్త సారూ?" అంది ఈరమ్మ. "వాణ్ణి కూసోమన్నదే నేను. నిన్నటిదాంక ఇనలే. ఇయ్యాల ఇన్నడు."