శనివారం బండి

నా భార్య దలండ పోయిన దగ్గర్నుంచి మా కుక్క కమ్మూన్ తిండి మానేశాడు. గిన్నె దాకా వస్తాడు, వాసన చూస్తాడు, మళ్ళీ వెళ్ళి తలుపు దగ్గర పడుకుంటాడు. కమ్మూన్ అంటే జీలకర్ర; ఒళ్ళంతా ఆ రంగే కాబట్టి ఆమె వాడికి ఆ పేరు పెట్టింది. ఇప్పుడా బొచ్చు మీద చెయ్యి వేస్తే పక్కటెముకలు తగులుతున్నాయి. పశువుల డాక్టరు నిదానంగా తడిమి చూశాడు, రక్తం పరీక్ష చేయించాడు.

"ఒంట్లో ఏ జబ్బూ లేదు ఫర్హాత్ గారూ. కానీ ఇలాగే ఉంటే ఎండాకాలం దాకా నిలవడు. వాడికి ఇష్టమైన చోటికి ఎక్కడికైనా తీసుకెళ్ళి చూడండి," అన్నాడు.

వాడికి ఇష్టమైన చోటు ఐన్ ద్రాహం ఒక్కటే. కొండ మీది ఆ చిన్న ఊరికి అడవిపందుల వేటగాళ్ళు ఎప్పట్నుంచో కుక్కల్ని వెంటబెట్టుకునే వస్తారు. అందుకని మబ్రూకా నడిపే బసలో కుక్కను చూసి ఎవరూ మొహం చిట్లించరు. గుమ్మంలో వాటి కాళ్ళు తుడవడానికి గోనెపట్టా ఉంటుంది, పొయ్యి పక్క మూల ఎప్పుడూ వాటిదే. ట్యూనిస్‌లో మా మెట్ల మీద కుక్క ఎదురైతే గోడకు అతుక్కుపోయే పొరుగువాళ్ళతో విసిగిన దలండ, ఈ ఇంటిని చూసిన మొదటిసారే "ఇక్కడ మనల్ని మనుషుల్లా చూస్తారు" అంది.

శుక్రవారం మధ్యాహ్నానికి కారు కొండెక్కింది. వాన అప్పుడే వెలిసి, ఎర్ర పెంకుల మీంచి నీళ్ళు కారుతున్నాయి. మబ్రూకా భర్త లజ్హర్ గొడ్డలి పక్కన పడేసి ఎదురొచ్చాడు.

"ఏరా కమ్మూన్, పట్నం బాబూ! మీసాలు నెరిశాయేంట్రా? నాకంటే ముందే ముసలాడివైపోయావే!"

"ముందు మనిషిని పలకరించవయ్యా," అని మబ్రూకా అతన్ని పక్కకు నెట్టి నా రెండు చేతులూ పట్టుకుంది. "దేవుడు ఆమెను కరుణించాలి అన్నా. మాకు కబురు ఆలస్యంగా తెలిసింది. రాలేకపోయాం."

ఎలా పోయిందని అడగలేదు. అందుకు మనసులోనే ఆమెకు దణ్ణం పెట్టుకున్నాను.

ఎండు రొట్టె ముక్కలు మాంసం పులుసులో నానబెట్టి మట్టి చిప్పలో వేసి కమ్మూన్ ముందు పెట్టింది. వాడు ఒక్కసారి వాసన చూశాడు. తినడం మొదలుపెట్టాడు. చిప్ప నేల మీద జరుగుతుంటే దాని వెనకే జరుగుతూ, అడుగు దాకా నాకి, తలెత్తి ఇంకా పెట్టమన్నట్టు చూశాడు.

"పట్నం నీళ్ళు పడలేదంతే వాడికి," అన్నాడు లజ్హర్.

నేను కట్టెల మోపుల వెనక్కి వెళ్ళి నిలబడ్డాను. అక్కడైతే ఎవరికీ కనపడనని. సాయంత్రం మళ్ళీ అటు వెళితే అక్కడ ఒక పీట వేసి ఉంది. ఎవరు వేశారో అడగలేదు.

శనివారం పొద్దున్న కమ్మూన్ నన్ను అడవిలోకి లాక్కెళ్ళాడు. బెరడు ఒలిచిన ఓక్ చెట్ల మధ్య బురదలో పరిగెత్తాడు, వాగులో దిగాడు, నా ప్యాంటు నిండా నీళ్ళు దులిపాడు. తిరిగొచ్చి మళ్ళీ తిన్నాడు. నాకు ఆనందం పట్టలేదు. డాక్టరుకి ఫోను చేసి చెప్పాను కూడా.

మధ్యాహ్నం నమాజు అయ్యాక చూస్తే వాడు గేటు దగ్గర కూర్చుని ఉన్నాడు. చెవులు నిక్కబొడుచుకుని, కింద బండ్లు ఆగే చౌకు వైపు చూస్తూ, తోక మెల్లగా నేల మీద ఆడిస్తూ. మబ్రూకా బట్టలు ఆరేస్తున్నదల్లా ఆగిపోయింది.

"అన్నా, ఇవాళ శనివారం కదూ?"

"అవును."

"అయితే వాడు తిన్నది నా పులుసు బాగుందని కాదు."

అప్పుడు అర్థమైంది నాకు. నేను హైస్కూల్లో పాఠాలు చెప్పినన్నాళ్ళూ శనివారం నాకు సెలవు. దలండకి మాత్రం మందుల షాపులో మధ్యాహ్నం దాకా పని. "మీరిద్దరూ శుక్రవారమే వెళ్ళి గది వెచ్చబెట్టండి, నేను వెనకాల వస్తా," అనేది. శనివారం సాయంత్రం ట్యూనిస్ నుంచి లువాజ్ వస్తుంది. మనిషికింతని డబ్బు తీసుకుని నడిపే వ్యాను అది. అందులోంచి దిగేది. నేనూ కమ్మూనూ చౌకులో నిలబడి ఉండేవాళ్ళం. నేను రిటైరయ్యాక కూడా ఆ పద్ధతి మారలేదు. ట్యూనిస్ ఇంట్లో ఆమె లేదు. కానీ ఇక్కడ శుక్రవారం ఆమె ఎప్పుడూ ఉండేది కాదు. వాడి లెక్కలో ఇక్కడికి ఆమె రావాల్సింది ఇవాళే.

"బండి వచ్చేలోపు కారెక్కించుకుని దిగిపోతాను," అన్నాను.

"అదే మంచిది," అన్నాడు లజ్హర్. "వస్తుందనుకునే ఉండనీ. ఆశ ఉంటే తింటాడు. వచ్చే శుక్రవారం మళ్ళీ తీసుకురా. మా ఇల్లేం అరిగిపోతుంది?"

నిజం చెప్పాలంటే ఆ మాట నాకు నచ్చింది. ప్రతి శుక్రవారం రావచ్చు. ప్రతి శనివారం మధ్యాహ్నం వెళ్ళిపోవచ్చు. ఆ రెండు పూటలూ వాడు నిండా తింటాడు. నాకూ శుక్రవారం రాత్రి ఆమె రేపు వస్తుందన్నట్టే ఉంటుంది. నిన్న రాత్రి అలాగే ఉంది కూడా.

"ప్రతి వారం బండిని చూసి పారిపోతారా ఇద్దరూ?" అంది మబ్రూకా. "సరే గానీ, ఆమె పోయాక వాడు ఆమెను చూశాడా?"

లేదన్నాను. దలండ తన కాళ్ళ మీద తను నడిచి ఆసుపత్రికి వెళ్ళింది. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజే, సాయంత్రం నమాజు కాగానే, ఖననం చేసేశాం. ఇల్లంతా జనం, లోపల ఖురాన్ చదువుతున్నారు; కుక్క తిరిగితే బాగుండదని మా బావమరిది వాణ్ణి పక్కింటి డాబా మీద కట్టేయించాడు. సంతాపం రోజులు అయ్యాకే దింపారు. తప్పని నాకప్పుడు తోచలేదు. ఏదీ తోచలేదు.

"మా నాన్న పోయినప్పుడు మా అమ్మ కుక్కని లోపలికి తెచ్చింది," అంది మబ్రూకా. "పెద్దాళ్ళు గొడవ చేశారు. 'ఈయనతో అడవిలో పడుకున్నది ఇదే, మీరెవరూ కాదు, జరగండి' అంది. అది వచ్చి ఆయన చెయ్యి వాసన చూసి, బయటికెళ్ళి పడుకుంది. బాగా ఏడ్చింది. ఆ తర్వాత మేకల వెంట తనే పోయింది. కుక్కకి మాటల్తో చెప్పలేం అన్నా. చూపించాలి."

"ఇప్పుడు చూపించడానికేముంది చెల్లెమ్మా?"

ఆమె తడి బట్ట పిండి ఆరేసింది.

"ఆమె లేని బండి ఉంది."

సాయంత్రం మేం చౌకులోకి దిగేసరికి కాఫీ కొట్టు ముందు కూర్చున్నవాళ్ళు కమ్మూన్‌ని గుర్తుపట్టారు. "ఏం సీ ఫర్హాత్, బండి రాకముందే మీవాడు హాజరు! డ్రైవరు ఉద్యోగం ఇప్పించండి!" అని ఒకాయన నవ్వాడు. పక్కనున్నాయన మోచేత్తో పొడిచి ఏదో చెప్పగానే ఆ నవ్వు ఆగిపోయింది. కొట్టువాడు అడగకుండానే నా ముందు టీ పెట్టి వెళ్ళాడు.

బండి మలుపు తిరగ్గానే కమ్మూన్ లేచాడు. తోకతో పాటు ఒళ్ళంతా ఊగుతోంది. తలుపు తెరుచుకుంది. ఒక్కొక్కరే దిగుతుంటే వాడు ఒక్కొక్కరి చెయ్యీ, కొంగూ వాసన చూసి వదిలేస్తున్నాడు. ఆఖరి మనిషి కూడా దిగాడు.

డ్రైవరు తీజానీ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "మదామ్ ఏరీ సీ ఫర్హాత్? ఈసారి మా బండి కాదని సొంత కారులోనే తెచ్చేశారా? మా కడుపు కొడతారా ఏంటి!"

ఇంతవరకూ ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. ఫోన్లన్నీ బావమరిదే చేశాడు. వచ్చినవాళ్ళందరికీ తెలిసే వచ్చారు.

"దలండ చనిపోయింది తీజానీ," అన్నాను.

అతను ఇంజను ఆపేశాడు. కిందికి దిగి, నన్ను కౌగిలించుకుని, కాసేపు వదల్లేదు. తర్వాత కమ్మూన్ బండి లోపలికి చూస్తూ వణకడం గమనించి, వెళ్ళి పక్క తలుపూ వెనక తలుపూ అన్నీ తెరిచాడు.

"ఎక్కరా. వెతుక్కో."

దిగువకు వెళ్ళాల్సినవాళ్ళు అప్పటికే చేరారు. తోలు సంచీ పట్టుకున్న ఒకతను, "కుక్కని ఎక్కిస్తావేంటయ్యా, మాకు పొద్దుపోతుంది!" అన్నాడు.

"ఎక్కడికోయ్ అంత తొందర?" అని ఒక ముసలావిడ కసిరింది. "నీ మూతి కన్నా దాని కాళ్ళే శుభ్రంగా ఉన్నాయి. ఆగు."

కమ్మూన్ ప్రతి సీటూ చూశాడు. సీట్ల కింద దూరాడు. కిటికీ పక్క సీటు మీద రెండు కాళ్ళూ పెట్టి చాలాసేపు వాసన పట్టాడు. తోలు సంచీ ఆయన సంచీ కింద పెట్టి తల తిప్పుకున్నాడు. చివరికి వాడు వెనక తలుపులోంచి దిగి, నా దగ్గరికి రాకుండా, తడి రాళ్ళ మీద కూర్చుని రోడ్డు వైపు చూశాడు. బండి వెళ్ళిపోయింది. చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాం. ఆ తర్వాత వాడే లేచి బస వైపు నడిచాడు. తోక ఆడడం లేదు.

ఇంటికెళ్ళేసరికి మబ్రూకా ముందు గదిలో కుర్చీలు గోడ వెంట వేసి ఉంచింది, చావింట్లో వేసినట్టు. కొట్టువాడొచ్చాడు, చౌకులో నవ్వినాయన వచ్చాడు, లజ్హర్ తెల్ల టోపీ పెట్టుకుని కూర్చున్నాడు. ఒక్కొక్కరే నా చెయ్యి పట్టుకుని ఆమె పేరు చెప్పి ప్రార్థించారు. కమ్మూన్ గది మధ్యలో పడుకుని ఉంటే వాణ్ణి దాటి కాక, చుట్టూ తిరిగి వెళ్ళారు. ఒకరిద్దరు వంగి వాడి తల కూడా నిమిరారు. ఆ రాత్రి వాడు చిప్ప ముట్టలేదు. మంచం పక్కన పడుకుని సన్నగా, ఆగి ఆగి ఏడ్చాడు. నేను చెయ్యి కిందికి వేలాడేసి వాడి మెడ మీద పెట్టుకుని పడుకున్నాను. ఆపాలని చూడలేదు.

ఆదివారం పొద్దున్న మబ్రూకా రెండు పళ్ళేల్లో గోధుమరవ్వ కుస్‌కుస్ తెచ్చి, ఒకటి నా ముందు, ఒకటి వాడి ముందు పెట్టి వెళ్ళింది. నేను నేల మీద కూర్చున్నాను. వాడు చాలాసేపు పళ్ళేన్ని చూశాడు. గుమ్మం వైపు చూడలేదు. నేనొక ముద్ద తిన్నాను. వాడు తల వంచి, రుచీ పచీ పట్టించుకోకుండా, ఎవరో ముందు పెట్టారు కాబట్టి తిన్నట్టు నాలుగు ముద్దలు తిన్నాడు. మిగతాది వదిలేశాడు. నేనూ అంతే తినగలిగాను.